వాలేర్ పేరు లేని జాబితా

మోర్సెల్ ఊళ్ళో ఆర్మాన్ లెక్లూజ్ ఇరవై తొమ్మిదేళ్ళు ఫుట్‌బాల్ కోచ్‌గా ఉన్నాడు. అన్నేళ్ళలో ఊరికి ఐదుగురు మేయర్లు మారారు, చర్చికి నలుగురు ఫాదర్లు మారారు, క్లబ్బుకి ముగ్గురు అధ్యక్షులు మారారు. ఇనుము పోతపోసే ఫౌండ్రీ మూతపడింది. మ్యూజ్ నది రెండుసార్లు వీధుల్లోకి వచ్చి పోయింది. ఆర్మాన్ మాత్రం ఎండనక వాననక పొద్దున్న ఏడింటికల్లా ఎడమకాలు కాస్త ఈడ్చుకుంటూ మైదానం గేటు తోసుకుని లోపలికి వచ్చేవాడు.

అప్పటికే అక్కడ వాలేర్ కోలినె ఉండేవాడు. మైదానంలో గడ్డి చూసుకోవడం అతని పని. పొడుగాటి మనిషి, చెవులదాకా లాక్కున్న ఉన్ని టోపీ, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పనిముట్టు.

“నేల ఎలా ఉంది, మొస్యే కోలినె?”

“ఆడొచ్చు, మొస్యే లెక్లూజ్. ఉత్తరం వైపు గోలు దగ్గర కాస్త మెత్తగా ఉంది. మీ వాళ్ళని చూసుకోమనండి.”

“మంచిది. చెబుతాను.”

అంతే. రోజుకి ఆ మూడు ముక్కలే. ఆ తర్వాత ఒకరు ఆఫీసు గదిలోకి, ఇంకొకరు గడ్డిలోకి. కొత్తగా చేరిన ఆటగాళ్ళు వీళ్ళిద్దరికీ పెద్ద పరిచయం లేదేమో అనుకునేవారు. పాతవాళ్ళెవరూ ఆ మాట దిద్దేవారు కాదు.

నిజానికి పద్నాలుగేళ్ళపాటు వాళ్ళిద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం. ఆర్మాన్ పదహారేళ్ళవాడు, వాలేర్ పద్దెనిమిదేళ్ళవాడు, ఒకే వారంలో ఫౌండ్రీలో పనికి చేరారు. పెళ్ళిళ్ళయ్యేదాకా మేడమ్ పియెరార్ ఇంటి మేడమీద ఒకే గదిలో అద్దెకి ఉన్నారు. ఫౌండ్రీ జట్టే ఊరి జట్టు. వాలేర్ రక్షణ పంక్తి మధ్యలో, ఆర్మాన్ అతనికి ఎడమపక్కన ఆడేవారు. మైదానంలో వాళ్ళకి రెండే మాటలు కావాల్సి వచ్చేవి. “నాది” అనేవాడు ఒకడు. “వదిలేయ్” అనేవాడు ఇంకొకడు.

గదిలో మాత్రం వాలేర్ నోటికి తాళం ఉండేది కాదు. “ఒరేయ్ ఆర్మాన్, నీ గురక విని ఫౌండ్రీ సైరన్ అనుకుని ఈ వారంలో రెండుసార్లు లేచి బట్టలేసుకున్నాను. మొన్నయితే మెట్లు కూడా దిగాను” అనేవాడు. ఆర్మాన్ పెళ్ళికి వాలేర్ సాక్షి. వాలేర్ పెళ్ళికి ఆర్మాన్ సాక్షి.

పందొమ్మిది వందల డెబ్బై మూడు శరదృతువులో ఆర్మాన్ మోకాలి చిప్ప పగిలింది. రెండు ఆపరేషన్లు చేసి, నడవగలవు, ఆడలేవు అన్నాడు డాక్టరు. అప్పటికి అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు. చంకకర్రలు వేసుకుని మ్యాచులకి వచ్చి గీత అవతల నిలబడేవాడు. జనవరిలో కోచ్ అధ్యక్షుడితో గొడవపడి వెళ్ళిపోతే అధ్యక్షుడు ఆర్మాన్‌ని పిలిచాడు.

“నీకు చదవడం రాయడం వచ్చు. పరిగెత్తడం రాదు. కోచ్‌కి కావాల్సింది అదే కదా. జూన్ దాకా చూడు.”

ఆ సాయంత్రం వాలేర్ చంకకర్రలు లాక్కుని వాటిమీద తనే కుంటుతూ ఆర్మాన్ ఇల్లంతా తిరిగాడు. “కోచ్‌గారూ, నా బూట్లు విప్పనా?” అని ఏడిపించాడు. ఆర్మాన్ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

మూడు వారాలకి కప్పు మ్యాచి వచ్చింది. మూడో డివిజన్ జట్టైన మోర్సెల్‌కి దక్షిణాదినుంచి మొదటి డివిజన్ జట్టు వస్తోంది. గోల్స్ కొట్టే వాళ్ళ ముందాటగాడు మెరుపులాంటివాడు. గురువారం సాధనలో ఆర్మాన్ గీత పక్కన నిలబడి వాలేర్‌నే చూశాడు. తలతో బంతి కొట్టడంలో అతన్ని మించినవాడు లేడు. కానీ బంతి వీపు వెనక పడితే తిరగడానికి ఓడ తిరిగినంతసేపు పడుతోంది. ఆ మాట సరదాగా వాలేరే అంటుండేవాడు. ముప్పై రెండేళ్ళొచ్చాయి మరి.

ఆర్మాన్ శుక్రవారం మధ్యాహ్నమంతా కాగితం ముందు కూర్చున్నాడు. ఐదింటికి పదమూడు పేర్ల జాబితాని బట్టలు మార్చుకునే గది తలుపుకి పిన్నులతో గుచ్చాడు. వాలేర్ కోలినె పేరు అందులో లేదు. అతని స్థానంలో క్యాంటీన్ నడిపే ఆవిడ కొడుకు, పంతొమ్మిదేళ్ళవాడు. జాబితా గుచ్చి, ఎవరూ రాకముందే బట్టలుతికే గదిలోంచి వెనకదారిన బయటపడ్డాడు.

శనివారం మోర్సెల్ ఒక గోలుతో గెలిచింది. ఆ పంతొమ్మిదేళ్ళవాడు ముందాటగాణ్ణి నీడలా పట్టుకుని ఒక్క అడుగు కదలనివ్వలేదు. మేళం మోగింది. జనం ఆర్మాన్‌ని చంకకర్రలతో సహా ఎత్తి టౌన్‌హాలు దాకా మోసుకుపోయారు. సందడి సగంలో ఉండగా అతను మెల్లిగా జారుకుని వాలేర్ ఉండే వీధివైపు నడిచాడు. రొట్టెల కొట్టు మూల దగ్గర ఆగాడు. వాలేర్ వంటింటి కిటికీలో దీపం వెలుగుతోంది. వెళ్ళి ఏమనాలి? ఓడిపోయి ఉంటే క్షమించమనేవాడు. గెలిచాక ఏమంటారు? అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి చంకల్లో నొప్పి పుట్టి వెనక్కి తిరిగాడు.

సోమవారం మైదానం గేటు దగ్గర వాలేర్ ఎదురొచ్చాడు. టోపీ తీశాడు.

“అభినందనలు, మొస్యే లెక్లూజ్. మీరు సరైన నిర్ణయం తీసుకున్నారు.”

పద్నాలుగేళ్ళలో వాలేర్ నోట ‘మీరు’ అన్న మాట గానీ, ‘గారూ’ అన్నట్టు ‘మొస్యే’ అన్న మాట గానీ వినలేదు ఆర్మాన్. “ధన్యవాదాలు, మొస్యే కోలినె” అన్నాడు. ఎందుకలా అన్నాడో అతనికే తెలీదు.

జూన్ అయిపోయింది. అధ్యక్షుడు ఇంకో ఏడాది అన్నాడు, తర్వాత ఇంకో ఏడాది. డెబ్బై ఎనిమిదిలో మోర్సెల్ రెండో డివిజన్‌కి ఎక్కింది. ఎనభై ఆరులో మొదటి డివిజన్‌కి ఎక్కి రెండేళ్ళు పెద్దవాళ్ళ మధ్య నిలబడి, మళ్ళీ కిందికి జారింది. పత్రికలవాళ్ళు వచ్చి, ఇంత చిన్న ఊరు ఇంత పైకి ఎలా వచ్చిందని అడిగితే “పని” అనేవాడు. పెద్ద క్లబ్బులు రెండుసార్లు పిలిచాయి. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని అడిగితే దానికి మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పేవాడు కాదు.

ఆటగాళ్ళకి అతనంటే గౌరవం, కాస్త భయం. జాబితాని తలుపుకి గుచ్చడం మళ్ళీ ఎన్నడూ చేయలేదు. శుక్రవారం రెండింటికి, తీసేయబోయేవాణ్ణి గదిలోకి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, కళ్ళలోకి చూసి చెప్పేవాడు. కుర్రాళ్ళు ఆ కుర్చీకి ‘పళ్ళ డాక్టరు కుర్చీ’ అని పేరు పెట్టారు. మ్యాచి అయ్యాక అందరూ ఎదురుగా ఉన్న కాఫీ హోటల్‌కి వెళ్ళి బీరు తాగేవారు. అతను వెళ్తే వాళ్ళ గొంతులు తగ్గిపోయేవి. అది గమనించి వెళ్ళడం మానేశాడు.

ఆ హోటల్లో అతనిమీద జోకులు పేలేవి. “పెద్దాయన గెలిచినా అదే మొహం, ఓడినా అదే మొహం. నోట్లో పళ్ళున్నాయో లేదో వాళ్ళావిడకే తెలియాలి” అనేవాడొకడు.

“ఆవిడకీ తెలీకే వెళ్ళిపోయింది” అనేవాడు ఇంకొకడు.

ఓదీల్ వెళ్ళిపోయింది ఎనభై ఎనిమిదిలో. గొడవేం లేదు. పొద్దున్న చికోరీ కాఫీ పోస్తూ, “నువ్వు ఎవరితో మాట్లాడతావు ఆర్మాన్?” అని అడిగింది.

“రోజూ పాతికమందితో మాట్లాడుతూనే ఉన్నాను కదా.”

“వాళ్ళకి చెబుతావు. మాట్లాడవు. నాకైతే చెప్పడం కూడా లేదు.”

ఆ రోజు జవాబు వెతికి రేపు చెబుదామనుకున్నాడు. మర్నాడు ఆమె రెండు పెట్టెలతో రాన్స్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. పిల్లలు లేరు. వంటింట్లో ఒక కుర్చీని గోడకి ఆనించేశాడు.

అంతకు కొన్నేళ్ళ ముందు, ఫౌండ్రీ మూతపడినప్పుడు వాలేర్‌కి మైదానంలో పని ఇప్పించింది ఆర్మానే. నా పేరు చెప్పొద్దని అధ్యక్షుడి దగ్గర మాట తీసుకున్నాడు. వాలేర్‌కి తెలుసో లేదో అతను ఎన్నడూ అడగలేదు. వాలేర్ భార్య జినెట్ పోయినప్పుడు చర్చిలో చివరి బల్ల మీద కూర్చుని, బయట వరసలో నిలబడి చెయ్యి కలిపాడు. “నా సంతాపం, మొస్యే కోలినె.” “వచ్చినందుకు ధన్యవాదాలు, మొస్యే లెక్లూజ్.” మర్నాడు ఏడింటికి నేల ఎలా ఉందని అడిగాడు. ఆడొచ్చు అన్నాడు వాలేర్.

రెండు వేల మూడు మార్చిలో జట్టు వరసగా ఏడు మ్యాచులు ఓడింది. కొత్త అధ్యక్షుడు దెల్వో సోమవారం పదింటికి ఆర్మాన్‌ని పిలిచాడు. నలభై కూడా లేని మనిషి, మర్యాదస్తుడు. కాఫీ తనే కలిపి ఇచ్చాడు.

“మొస్యే లెక్లూజ్, ఈ మాట మీకు ముఖాముఖి చెప్పాలనుకున్నాను. ఆ పద్ధతి మీ దగ్గరే నేర్చుకున్నాం అందరం. సీజను చివరిదాకా జట్టుని మీ సహాయకుడికి అప్పగిస్తున్నాం.”

ఆ తర్వాత దెల్వో చాలాసేపు మాట్లాడాడు. తూర్పువైపు గ్యాలరీకి ఆర్మాన్ పేరు పెడతామన్నాడు, విందు చేస్తామన్నాడు. ఆర్మాన్‌కి మొదటి మాట తర్వాత ఏదీ వినబడలేదు. కప్పు పక్కన చక్కెర బిళ్ళ ఒక మూల విరిగి ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తన ఎదుటి కుర్చీలో కూర్చుని వెళ్ళిన కుర్రాళ్ళు ఒక్కొక్కళ్ళే గుర్తొచ్చారు. కళ్ళలోకి చూసి చెబితే వాళ్ళకి నొప్పి తగ్గుతుందనే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. తగ్గింది చెప్పేవాడికేనని ఇప్పుడు తెలిసింది.

“అయిపోయిందా? వెళ్ళొచ్చా?” అన్నాడు లేస్తూ.

బయటికొచ్చేసరికి సాధన జరుగుతోంది. సహాయకుడు ఈల ఊదుతున్నాడు. ఒకరిద్దరు అతన్ని చూసి తల తిప్పుకున్నారు. ఇంటికి వెళ్ళాలంటే కాళ్ళు రాలేదు. పొద్దున్న పదకొండు గంటలకి తన ఇల్లు ఎలా ఉంటుందో అతనికి తెలీదు. మైదానం చుట్టూ నడిచి, గడ్డి కోసే యంత్రం పెట్టే షెడ్డు దగ్గర ఆగాడు. లోపల వాలేర్ గోలు వల చిరుగు అల్లుతున్నాడు.

“నన్ను తీసేశారు” అన్నాడు ఆర్మాన్.

వాలేర్ చేతులు ఆగలేదు. “తెలుసు. పొద్దున్న అధ్యక్షులవారు కాఫీ కప్పులు స్వయంగా కడుగుతున్నారు. ఆయన కప్పులు కడిగితే ఎవరికో మూడినట్టే.” కాలితో ఒక బకెట్టు బోర్లించి తోశాడు. “కూర్చోండి.”

ఆర్మాన్ కూర్చున్నాడు. వలవైపు చూస్తూ మొదలుపెట్టాడు.

“మీకొక మాట చెప్పాలి. డెబ్బై నాలుగులో, ఆ శుక్రవారం… మీ మొహం చూసి చెప్పాల్సింది. తలుపుకి గుచ్చి దొడ్డిదారిన పోయాను. ఇన్నేళ్ళూ అదే మనసులో…”

“ఏంటి? గట్టిగా చెప్పండి, ఈ చెవి పనిచేయదు.”

ఆర్మాన్ మళ్ళీ మొదటినుంచి, గట్టిగా చెప్పాడు. వాలేర్ వింతగా చూశాడు.

“ఆ జాబితాయా? దానికి నేనెప్పుడు ఏడ్చాను? గురువారమే తెలుసు నాకు. నేనైనా నన్ను తీసేసేవాణ్ణి. ఆ మెరుపు వెనక నేను పరిగెడితే ఊరంతా నవ్వి చచ్చేది.”

“మరి?”

వాలేర్ ఒక ముడి వేసి, దారం పళ్ళతో తెంపాడు.

“ఆ శనివారం జినెట్ కుందేలు కూర వండింది. ప్లమ్ సారా సీసా బల్లమీద పెట్టాను. రెండు గ్లాసులు. వీడొస్తాడు, నాలుగు తిడతాను, తాగుతాం, అయిపోతుంది అనుకున్నాను. ఎంతకీ రాలేదు. చివరికి జినెట్ గిన్నె తీసి లోపల పెట్టేసింది.”

“మూల దాకా వచ్చాను.”

“ఏ మూల?”

“రొట్టెల కొట్టు మూల. కిటికీలో దీపం కనబడింది.”

వాలేర్ చేతులు అప్పుడు ఆగాయి. మనసులో ఏదో కొలుచుకుంటున్నట్టు గోడవైపు చూశాడు. “నలభై అడుగులు. చంకకర్రలతో అయితే అరవై అనుకుందాం.”

“సోమవారం మీరు నన్ను ‘మీరు’ అన్నారు.”

“ఎగతాళికి అన్నానురా. టోపీ తీసి మరీ అన్నాను కదా. ‘ఏంట్రా ఈ వేషాలు’ అని నువ్వు కర్రతో ఒక్కటి ఇచ్చుకుంటావనుకున్నాను. నువ్వేమో ‘ధన్యవాదాలు, మొస్యే కోలినె’ అన్నావు. వీడు పెద్దవాడైపోయాడు, ఇక మన సంగతి అక్కర్లేదు కాబోలు అనుకున్నాను. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. తర్వాత అలవాటైపోయింది.”

ఆర్మాన్ ఏదో అనబోయాడు. ‘నువ్వు’ అందామనుకుంటే నోరు తిరగలేదు, ‘మీరు’ అనడానికి సిగ్గేసింది. చివరికి ఏదీ అనకుండా, “ఇప్పుడేం చేద్దాం?” అన్నాడు.

“నేనైతే ఈ వల అవగొట్టాలి. శనివారం మ్యాచి ఉంది. ఆ కొస పట్టుకో.”

ఆర్మాన్ కొస పట్టుకున్నాడు.

ఆ జూన్‌లో వాలేర్ కూడా రిటైరయ్యాడు. ఎండాకాలమంతా ఇద్దరూ మ్యూజ్ ఒడ్డుకి చేపలకి వెళ్ళారు. ఆర్మాన్ చాలా ఆశపడ్డాడు. మేడమ్ పియెరార్ గదిలోని వాలేర్ తిరిగి వస్తాడనుకున్నాడు. పక్కన కూర్చున్నది మాత్రం అరవై ఒక్కేళ్ళ చెవిటి మనిషి. వాలేర్ ఉప్పు తినకూడదన్న సంగతి ఆర్మాన్‌కి తెలీదు, ఉప్పుమాంసం పెట్టిన హామ్ రొట్టె తెచ్చి ఇచ్చాడు. వాలేర్ అకార్డియన్ వాయించడం నేర్చుకున్నాడని, ఎనభై అయిదులో ఒక ఏడాది తాగుడులో పడి లేచాడని, ఆ ఏడాది ఉదయాలన్నీ తను అతన్ని నేల గురించి అడుగుతూనే ఉన్నానని ఇప్పుడు తెలిసింది. తన వైపునుంచి చెప్పడానికి ఆర్మాన్ దగ్గర మ్యాచులు తప్ప ఏమీ లేవు. అవన్నీ వాలేర్ చూసినవే.

“ఓదీల్ ఎందుకు వెళ్ళిపోయింది?” అని ఒకరోజు అడిగాడు వాలేర్.

“నేను మాట్లాడటం లేదని.”

“మంచి కారణమే” అన్నాడు వాలేర్. గాలం తీసి ఎర సరిచేసి మళ్ళీ వేశాడు. ఆ పూట ఇద్దరికీ అదే ఎక్కువ మాట.

సెప్టెంబరులో వాలేర్ నాంత్‌కి, కూతురు కోరిన్ దగ్గరికి వెళ్ళిపోయాడు. అది ముందే అనుకున్నది. రైల్వే స్టేషన్లో పెట్టె ఎక్కించి, “ఫోన్ చేస్తాను” అన్నాడు ఆర్మాన్. “చెయ్యి. ఏమీ వినబడదు కానీ చెయ్యి” అన్నాడు వాలేర్. నిజంగానే వినబడేది కాదు. రెండు నెలలు ప్రతి ఆదివారం ఆర్మాన్ ఫోన్‌లో అరిచేవాడు, అవతల వాలేర్ వాతావరణం గురించి చెప్పేవాడు. తర్వాత అదీ తగ్గింది.

మోర్సెల్‌లో ఆర్మాన్ పొద్దున్నే లేచేవాడు. బట్టలేసుకునేవాడు. ఏడింటికి ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేక వంటింట్లో నిలబడేవాడు. గ్యాలరీకి అతని పేరు పెట్టారు. ఆ రోజు వెళ్ళాడు, రిబ్బను కత్తిరించాడు, విందులో అందరూ చేతులు కలిపారు, భోజనానికి పక్కన కూర్చున్న ఇద్దరూ వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. మ్యాచులకి వెళ్ళడం మానేశాడు. రోజంతా ఒక్క మనిషితోనూ మాట్లాడని రోజులు వచ్చాయి. మొదట్లో వాటిని లెక్కపెట్టాడు, తర్వాత వదిలేశాడు.

జనవరిలో ఒక మంగళవారం, ఎవరికీ చెప్పకుండా, చిన్న సంచిలో ఒక జత బట్టలూ, ఉప్పు వేయని రొట్టె ఒకటీ పెట్టుకుని రైలెక్కాడు. జట్టు లేకుండా అతను చేసిన మొదటి దూర ప్రయాణం అది. పారిస్‌లో స్టేషను మారాల్సి వస్తే ఏ మెట్లు దిగాలో తెలీక ఇద్దర్ని అడిగాడు. కిటికీ బయట పొలాలన్నీ నీళ్ళతో నిండి ఉన్నాయి. వాలేర్ ఇంట్లో లేకపోతే? ఉన్నా, ఎందుకొచ్చావంటే ఏం చెప్పాలి? దారిపొడుగునా ఆలోచించాడు కానీ జవాబేదీ తయారుచేసుకోలేదు.

చీకటి పడకముందే నాంత్‌లో దిగాడు. కాగితం మీద రాసుకున్న చిరునామా పట్టుకుని ట్రామ్ ఎక్కాడు. మూడంతస్తుల భవనం, లిఫ్టు లేదు. మోకాలు పట్టేసింది, ప్రతి అంతస్తులోనూ ఆగాడు. తలుపు ముందు టోపీ తీసి, బెల్లు కొట్టాడు.

నలభై ఏళ్ళావిడ తలుపు తీసింది. ఎత్తు, దవడ అంతా వాలేర్‌వే.

“నేను ఆర్మాన్‌ని. మోర్సెల్ నుంచి.”

ఆమె అతని మొహంలోకి, చేతిలోని సంచివైపు, మళ్ళీ మొహంలోకి చూసింది. “నాన్న పడుకున్నాడు. మధ్యాహ్నం మందులు వేసుకుంటే అంతే, బెల్లు కూడా వినబడదు. లేపనా?”

“వద్దమ్మా. లేచాకే చూస్తాను.”

“గంట పట్టొచ్చు.”

“పర్వాలేదు.”

ఆమె వంటింటి బల్ల దగ్గర కుర్చీ లాగి చూపించి, కాఫీ పెట్టడానికి అటు తిరిగింది. ఆర్మాన్ కోటు విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గోడ అవతలినుంచి, తలుపు మూసి ఉన్నా, వాలేర్ ఫౌండ్రీ సైరన్‌లా గురకపెడుతున్న చప్పుడు వినబడుతోంది.